చేవ నెరిగిన చేయి

తెలుగులో "చేవ" అను మాటకు రెండు వాడుకలు కలవు. మనిషిలోని సత్తువను చేవ అందురు. చెట్టు నడుమ ముదిరి, రంగు తేరి, పురుగునకును చెదకును అంత సులభముగా లొంగని కొయ్యను కూడ చేవ అనియే అందురు. మనుష్యుని బలమునకును, మ్రాని బలమునకును ఒక్క మాటయే చాలునని తలచిన జాతి కొయ్యతో ఎంత చనవుగా బ్రదికినదో వేరుగ చెప్పనక్కరలేదు. పుట్టిన బిడ్డకు ఊయల, ఆడుకొను వయసున చిర్రగోనె, పెండ్లినాడు పీటలు, బ్రదుకుతెరువునకు నాగలి, ముదిమిలో చేతికఱ్ఱ — అన్నియు కొయ్యయే.

ఆ చనవు ఈనాడు సడలినది. తలుపులు అంగడిలో సిద్ధముగా దొరకుచున్నవి. నాగలి ఉన్నచోటికి ట్రాక్టరు వచ్చినది. కుర్చీలును బల్లలును ఇనుముతోను, ప్లాస్టిక్కుతోను వచ్చుచున్నవి. అయినను కొయ్యపని నేర్చుకొనవలెనను కోరిక గలవారికి కొదువ లేదు. బడిపిల్లలలోను, ఉద్యోగము చాలించిన పెద్దలలోను, సెలవునాడు ఏదైన చేతితో చేయవలెనని తహతహలాడు యువకులలోను ఆ కోరిక కనబడుచున్నది. వారికి మొదట తోచు ప్రశ్న, "ఏ పనిముట్లు కొనవలెను?" అని. ఆ ప్రశ్న రెండవది. "ఈ కొయ్య స్వభావ మెట్టిది?" అనునది మొదటిది. ఆ మొదటి ప్రశ్నకు జవాబు అంగడిలో దొరకదు. అది చేతికి తెలియవలెను.

అడవి దాపున ఉన్న ఊరు

ఈ పాఠము నేర్చుకొనుటకు లక్సెట్టిపేట వంటి తావు అరుదు. గోదావరికి ఉత్తరపు గట్టున ఉన్న ఈ పట్టణము పూర్వము ఆదిలాబాదు జిల్లాలో ఉండి, 2016లో ఏర్పడిన మంచిర్యాల జిల్లాలో చేరినది. రాయపట్నము వంతెన దాటి దక్షిణమునకు పోయినచో ధర్మపురి క్షేత్రము వచ్చును. దండేపల్లి, జన్నారముల త్రోవ పట్టినచో కవ్వాల్ అడవులు ఎదురగును. ఆ అడవులకు ప్రాణము టేకు. దానితోబాటు నల్లమద్ది, ఏగిస, జిట్రేగి, ఇప్ప మొదలగు మ్రాకులు పెరుగును. 2012లో ఈ అడవికి పులుల రక్షిత ప్రాంతమను హోదా లభించినది.

ఇట్టి అడవికి దాపున ఉన్న పల్లెలలో పాత ఇండ్లను చూచినవారికి దూలములు, వాసములు, చెక్కిన దర్వాజలు జ్ఞప్తికి వచ్చును. వాటి వెనుక ఒక మనిషి ఉన్నాడు. తెలంగాణమున అతనిని వడ్లాయన అని పిలుతురు. నాగలి చెక్కువాడు, బండి చక్రమునకు ఆకులు బిగించువాడు, గడప నిలుపువాడు అతడే. రైతు అతనికి రొక్కము చెల్లించుట తక్కువ. పంట నూర్చినప్పుడు కళ్ళములో అతని పాలు ధాన్యము కొలిచి ఇచ్చెడివారు. దానిని మేర అనుట వాడుక. నాగలి పోవుటతో ఆ మేర పోయినది. వృత్తి తండ్రినుండి కొడుకునకు వచ్చు త్రోవ ఇరుకైనది.

అయితే ఒక సంగతి మరువరాదు. ఆ త్రోవ మంచికాలమునందు కూడ అందరికిని తెరచినది కాదు. ఉలి పట్టుట ఒక కులపువారి పని అని తక్కినవారు దూరముగా నిలిచిరి. చదువుకొన్నవాడు చేతిపని చేయుట తక్కువతనమని కూడ తలచిరి. కావున ఈ విద్య రెండు వైపుల నష్టపోయినది. తెలిసినవానికి గౌరవము దక్కలేదు. గౌరవము గలవానికి విద్య దక్కలేదు. క్రొత్తగా నేర్చుకొనగోరువాడు ఈనాడు ఉలి పట్టుటలో ఈ పాత గోడ కొంత కదలుచున్నది.

కొయ్యను చదువుట

కోసిన దుంగ చివరను చూచినచో వలయములు కనబడును. టేకువంటి చెట్టు వానకాలమునకు ముందు వెడల్పైన గొట్టములతోను, తరువాత సన్నని గొట్టములతోను పెరుగుటచే ఈ వలయములు స్పష్టముగా ఏర్పడును. వెలుపల ఉండు లేత కొయ్య తెల్లగా ఉండును. చెట్టు బ్రదికియుండగా వేరునుండి నీరు పైకి పోవునది ఆ భాగముననే. లోపలిది బంగారు వన్నె నుండి గోధుమ వన్నె వరకు తేరును. అది చేవ. దానిలో ఇక నీరు ప్రవహింపదు; నూనెవంటి పదార్థములు నిండియుండును. టేకు చేవకు చెద అంత త్వరగా పట్టకుండుటకు కారణ మిదియే. తెల్లకొయ్యకు ఆ రక్ష లేదు. టేకు అన్నంత మాత్రమున అంతయు ఒక్కటి కాదు. పలక కొనువాడు దాని అంచున తెల్లని పట్టీ ఎంత ఉన్నదో చూచుకొనవలెను.

ఇక రెండవ సంగతి నార పోవు దిక్కు. కొయ్య పొడవునా సన్నని నారలు బారులు తీరి ఉండును. బఱ్ఱె వీపు మీద చేయి పెట్టి వెండ్రుకలు వాలిన దిక్కునకు నిమిరినచో నునుపుగా ఉండును. ఎదురు నిమిరినచో నిక్కపొడుచుకొనును. కొయ్యయు అంతే. పలక పక్కఅంచున నారగీతలు ఏ వైపునకు పైకి లేచుచున్నవో చూచి, ఆ వైపునకే చిత్రికను తోయవలెను. అట్లు చేసినచో పొట్టు పట్టుచీర మడతవలె చుట్ట చుట్టుకొని వచ్చును. ఎదురు తోసినచో నార పెల్లగిలి గుంటలు పడును. చిత్రిక చప్పుడు కూడ దీనిని తెలుపును. సరియైన దిక్కున అది ఈల వేసినట్లు సాగును. ఎదురు దిక్కున గరగరలాడి తటాలున ఆగును. కొమ్మ మొలిచిన చోట ముడి ఉండును. ముడి చుట్టును నార సుడి తిరుగును. తొలిపనికి ముడి లేని పలకనే ఏరుకొనవలెను.

తలుపు వానకాలములో ఏల పట్టివేయును?

పల్లెలో ప్రతి ఇంటను తెలిసిన అనుభవ మిది. వేసవిలో సులభముగా మూసికొన్న తలుపు శ్రావణమాసము వచ్చుసరికి చట్రమునకు బిగిసిపోవును. తిరిగి చలికాలము తరువాత సందులు కనబడును. చచ్చిన కొయ్య కూడ గాలిలోని తేమను పీల్చి ఉబ్బును, విడిచి కుదించుకొనును. ఈ కదలిక ఎన్నడును పూర్తిగా ఆగదు.

పచ్చిమ్రాను కోసినప్పుడు దానిలో నీరు రెండు విధములుగా ఉండును. కణముల నడిబోలులో నిలిచిన నీరు మొదట ఆరిపోవును. అంతవరకు కొయ్య బరువు తగ్గునే కాని పరిమాణము తగ్గదు. తేమ ఎండుకొయ్య బరువులో 25 నుండి 30 శాతము వరకు దిగిన తరువాత కణముల గోడలలోని నీరు వెడలనారంభించును. అప్పుడే కుదింపు మొదలగును. ఆ కుదింపు అన్ని దిక్కుల సమానము కాదు. పొడవున దాదాపు లేనట్లే. వలయములకు అడ్డముగా కొంత. వలయముల వెంబడి దానికి రమారమి రెండింతలు. అందుచేతనే గుండ్రని దుంగ ఎండినప్పుడు కేంద్రము వైపునకు బీట వారును. చివరన వలయపు గీతలు విల్లువలె వంగి కనబడు పలక ఎండినకొలది ఆ విల్లు సాగి తిన్నన కాజూచును. పలక దోనెవలె వాలును. టేకులో ఈ కుదింపు తక్కువ. ఓడలకును ద్వారబంధములకును అది పేరొందుటకు ఇది ముఖ్యకారణము.

కావున క్రొత్తవాడు ఎండిన కొయ్యనే తీసికొనవలెను. ఎండబెట్టుటకు ఎండలో పడవేయరాదు. పైభాగము ముందు ఎండి, లోపలిది పచ్చిగా ఉండి పగులును. నీడలో, గాలి ఆడు తావున, పలకకు పలకకు నడుమ సన్నని బద్దలు సమదూరమున పెట్టి పేర్చవలెను. తేమ చివరలనుండి త్వరగా పోవును గనుక చివరలకు రంగు గాని మైనము గాని పూయుదురు. అంగుళము మందమునకు ఒక సంవత్సరమని పనివారి అంచనా. తొలిపనికి అంత ఓపిక లేనివాడు పాత ఇంటినుండి దించిన చట్రమునో, విరిగిన బల్ల పలకనో వెదకవలెను. అది ఎన్నో వానకాలములు చూచి నిలుకడకు వచ్చిన కొయ్య. అందులో మేకులు దాగియుండును. రంపము పెట్టకముందే వెదకి లాగివేయవలెను. కోతమిల్లు దగ్గర మిగులు తునకలును తొలి అభ్యాసమునకు చాలును. అడవి దాపున ఉన్నది గదా అని అనుమతి లేక చెట్టు నరుకుట, నరికినదానిని తరలించుట నేరము. కొయ్యను ప్రేమించుట నేర్చుకొనువాడు దానిని దొంగిలించి మొదలిడరాదు.

ఏ పనికి ఏ కొయ్య

పూర్వపు వడ్రంగులు అన్నిటికి ఒక్క కొయ్యను వాడలేదు. దెబ్బకు ఓర్చుకొనవలసిన నాగలికి నల్లతుమ్మ, ఎండవానలకు నిలువవలసిన దర్వాజకు టేకు, బరువు మోయు దూలమునకు నల్లమద్ది — ఇట్లు పనినిబట్టి మ్రానును ఎంచిరి. ఈ ఎంపికకు గొప్ప ఉదాహరణము ఖానాపూరు మీదుగా పోయిన వచ్చు నిర్మల్ పట్టణము. అక్కడి నకాషీ పనివారు బొమ్మలకు టేకును వాడరు. పొణికి కొయ్యను వాడుదురు. అది తేలిక, మెత్తన. ఉలికి ఇట్టే లొంగును. విడివిడిగా చెక్కిన భాగములను అతికి, చింతగింజల అంబలిలో రంపపు పొట్టు కలిపిన ముద్దతో సందులు పూడ్చి, తరువాత రంగులు వేయుదురు. కృష్ణాతీరపు కొండపల్లి బొమ్మలకును ఈ పొణికియే ఆధారము. విశాఖ వైపు ఏటికొప్పాకలో మాత్రము అంకుడు కొయ్యను తరిమెన పట్టి, తిరుగుచుండగానే లక్క రంగులు ఎక్కింతురు. పొణికి చెట్లు అడవిలో అరుదగుచున్న కొలది నిర్మల్ పనివారికి చిక్కులు పెరుగుచున్నవి. చెట్టు పోయినచో విద్యయు పోవును.

దీనినుండి క్రొత్తవాడు గ్రహింపవలసినది ఒకటి కలదు. ఖరీదైన కొయ్య మంచి గురువు కానక్కరలేదు. ఎండిన మామిడి పలక, వేపపలక తొలిపనికి చాలును. టేకు నారకు చక్కగా తెగును గాని దానిలో ఇసుకవంటి సిలికా కణము లుండుటచే పదును త్వరగా మొద్దుబారును. ఆ చిక్కు రెండవ సంవత్సరమునకు ఉంచుకొనవచ్చును.

ప్లైవుడ్ కొనువారు కూడ ఈ పాత జ్ఞానమునకే ఋణపడియున్నారు. పలుచని పొరలను ఒకదాని నార మీద మరియొకదాని నార అడ్డముగా వచ్చునట్లు అంటించుటయే అందలి కిటుకు. ఒక పొర కదలబోవగా రెండవది దానిని పట్టి ఆపును. కొయ్య ఏ దిక్కున కదలునో తెలిసినవారు ఆ కదలికకు వేసిన కళ్ళెమే ప్లైవుడ్.

పనిముట్లు కొద్ది, పదును ఎక్కువ

తొలినాళ్ళకు కావలసిన పనిముట్లు వ్రేళ్ళమీద లెక్కింపదగినవి: ఒక చేరంపము, అర అంగుళపు ఉలి ఒకటి, అంగుళపు ఉలి ఒకటి, తెలంగాణమున రందా అని కూడ పిలుచు చిత్రిక, కొయ్యకొడతి, మూలమట్టము, ఇనుప కొలబద్ద, మంచి సానరాయి. బాడిస వడ్రంగి చేతిలో అందమైన పనిముట్టే గాని క్రొత్తవానికి ప్రమాదకరము. విద్యుత్ యంత్రములు చేతికి బుద్ధి వచ్చిన తరువాత రావచ్చును. యంత్రము పనిని త్వరపెట్టును. తప్పును కూడ అంతే త్వరపెట్టును.

ఈ పట్టికలో అందరు విడిచిపెట్టునది సానరాయి. అదియే అన్నిటికంటె ముఖ్యము. క్రొత్తగా కొన్న ఉలి కూడ పనికి సిద్ధముగా ఉండదు. మొదట దాని వెనుకభాగము అంచు దగ్గర అద్దమువలె సమముగా వచ్చువరకు రాతిమీద రుద్దవలెను. తరువాత వాలుముఖమును 25 నుండి 30 డిగ్రీల కోణములో నిలిపి, ఆ కోణము చెదరకుండ సానపట్టవలెను. కొంతసేపటికి వెనుక అంచున తీగవంటి మడత లేచును. అది అంచు పొడవునా తగిలినప్పుడు సాన పూర్తియైనదని గురుతు. అప్పుడు ఉలిని వెనుకకు త్రిప్పి, బల్లపరుపుగా రాతిమీద పెట్టి ఒకటి రెండుమార్లు లాగి ఆ మడతను తీసివేయవలెను. పదునును బొటనవ్రేలితో పరీక్షింపరాదు. మెత్తని కొయ్య చివరను, నారకు అడ్డముగా, చేతి బలముతోనే గీరవలెను. నునుపైన ముఖము వచ్చినచో పదును ఉన్నది. పొడి రాలినచో లేదు.

మొద్దు ఉలియే చేయి కోయునను మాట వింతగా తోచును గాని అది నిజము. పదును లేనప్పుడు బలము హెచ్చుగా పెట్టవలసివచ్చును. బలము హెచ్చినచోట అదుపు తప్పును. రెండు చేతులును ఎల్లప్పుడు ఉలి అంచునకు వెనుకనే ఉండవలెను. ఈ దేశపు వడ్రంగి నేలమీద కూర్చుండి, కొయ్యను కాలితో అదిమి పనిచేయును. అది తరతరముల అలవాటు. బడిపిల్లలు దానిని అనుకరింపరాదు. నడుము ఎత్తు గల గట్టి బల్లయు, కొయ్యను పట్టి ఉంచు బిగింపును వారికి క్షేమము. టేకుపొడి కొందరికి చర్మమున దురదను, దగ్గును కలిగించును గనుక పని చేయుచోట గాలి ఆడవలెను. ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

చిర్రగోనె నుండి పీట వరకు

తొలిపనిగా కుర్చీ చేయబూనుట పద్యము రాకముందే ప్రబంధము వ్రాయబూనుటవంటిది. మొదటి మెట్టు చిర్రగోనె. జానెడు తునకను రెండు చివరల మొన వచ్చునట్లు చాకుతో చెక్కుటలోనే నార దిక్కు అంతయు తెలియును. నడుమనుండి చివరకు చెక్కినచో చాకు హాయిగా సాగును. చివరనుండి నడుమకు చెక్కినచో లోనికి దిగబడి చీల్చును. పుస్తకములో పది పుటలు చదివినను పట్టుబడనిది ఇక్కడ పది నిమిషములలో పట్టుబడును.

రెండవ మెట్టు గీతకు కోయుట. పెన్సిలు గీతకంటె చాకుతో గీసిన గీత మేలు. అది నారను ముందే తెంచి, రంపమునకు త్రోవ చూపును. రంపము తానును కొంత వెడల్పు కొయ్యను తినును. కావున గీతకు వెలుపలి పక్కన, వదలివేయు తునక వైపున కోయవలెను. రంపములలోను రెండు జాతులు కలవు. నార వెంబడి చీల్చునదాని పండ్లు చిన్న ఉలులవలె ఉండును. నారకు అడ్డముగా కోయునదాని పండ్లు చిన్న చాకులవలె ఉండును. ఒకదాని పనికి మరియొకదానిని పెట్టినచో చేయి అలయునే కాని కోత సాగదు.

మూడవ మెట్టు ఒక బద్దను నాలుగు ముఖములును సమకోణమునకు తెచ్చుట. ఇందుకు మూలమట్టము సరియైనదో కాదో ముందు తెలిసికొనవలెను. తిన్నని అంచునకు దానిని ఆనించి గీత గీసి, బోర్లించి అదే బిందువునుండి మరల గీయవలెను. రెండు గీతలును ఒకటియైనచో మట్టము సరి. విడిపోయినచో కనబడు ఎడములో సగము దాని తప్పు. ఏడవ తరగతి విద్యార్థికి రేఖాగణితములో ఇంతకంటె మంచి పాఠము దొరకదు.

నాలుగవ మెట్టు పీట. ఒక పలక, దాని క్రింద అడ్డముగా రెండు కాళ్ళ బద్దలు. చూచుటకు ఇంతే. కాని ఇక్కడనే కొయ్య చదువునకు పరీక్ష. పలక వెడల్పున ఉబ్బి కుదించుకొనును. దాని క్రింది బద్దల నార అడ్డముగా ఉండుటచే అవి ఆ దిక్కున కదలవు. రెండింటిని వరుసగా మేకులతో బిగించినచో ఏదో ఒక వేసవిలో పలక నడిమికి చీలును. నేర్పరి అట్లు బిగింపడు. ప్రతి బద్దకును నడుమ ఒక్కచోట మాత్రము గట్టిగా నిలిపి, అంచుల దగ్గర రంధ్రములను పలక వెడల్పు దిక్కున కొంచెము సాగదీయును. అప్పుడు పలక ఋతువునుబట్టి కదలును, పీట విడదు. తలుపు మధ్యపలకలను చట్రపు గాడిలో జిగురు లేక వదులుగా నిలుపుటలోని మర్మమును ఇదియే. కొయ్యను కదలకుండ చేయుట పనితనము కాదు. కదలుటకు చోటిచ్చి నిలుపుట పనితనము.

చివరకు చట్రము నలుచదరముగా వచ్చినదా అని చూచుటకు మూలనుండి మూలకు రెండు కర్ణములను కొలుతురు. ఎదురెదురు భుజములు సమానముగా నున్న చట్రములో కర్ణములును సమానమైనచో నాలుగు మూలలును సమకోణములు. పాఠ్యపుస్తకములో నిరూపించిన సిద్ధాంతమును వడ్రంగి కొడుకు దారముతో నిరూపించును. తరగతిలో వెనుకబల్లమీద కూర్చుండు ఆ బాలుడు ఆనాడు ముందునకు వచ్చును.

బడి తెరువవలసిన తలుపు

కొయ్యపనిని చదువులో చేర్చవలెనను ఆలోచన క్రొత్తది కాదు. ఫిన్లండు దేశమున ఊనో సిగ్నేయస్ కృషిచే 1866లోనే హస్తకళ ప్రజాపాఠశాలలలో విధిగా చేరినది. స్వీడనులో ఓటో సాలమన్ నాస్ అను చోట ఉపాధ్యాయులకు ఈ విద్య నేర్పుటకు శిక్షణాలయము నడపెను. పలుదేశముల ఉపాధ్యాయు లక్కడికి వచ్చి నేర్చుకొనిపోయిరి. ఆ పద్ధతిలో చాకు తొలి పనిముట్టు. సులభమునుండి కష్టమునకు నడక. ప్రతి పాఠము తుదను ఇంటికి పనికివచ్చు ఒక వస్తువు. అందరిని వడ్రంగులుగా చేయుట ఆ పద్ధతి ఉద్దేశము కాదు. కన్నును, చేతిని, ఓర్పును కలిపి పెంచుట దాని గురి.

భారతదేశమున గాంధీజీ అధ్యక్షతన 1937 అక్టోబరు 22, 23 తేదీలలో వార్ధాలో జరిగిన విద్యాసభ చేతివృత్తిని చదువునకు కేంద్రముగా నిలిపినది. ఆ పథకమును రూపొందించిన సంఘమునకు అధ్యక్షుడు హైదరాబాదులో 1897లో జన్మించిన జాకీర్ హుస్సేన్. తరువాతి కాలమున ఆయన రాష్ట్రపతి పదవిని అలంకరించెను. వడుకుట, నేతలతోబాటు వడ్రంగమును ఆ పథకమున ఒక వృత్తి. అది చిరకాలము నిలువలేదు. నేర్పగల గురువులు చాలలేదు, సామగ్రి చాలలేదు, బీదపిల్లలకు తక్కువ చదువు అంటగట్టుచున్నారను అనుమానము తల్లిదండ్రులను వీడలేదు. 1964–66 నాటి కొఠారీ సంఘము పని అనుభవమను పేరుతోను, 1977లో ఈశ్వరభాయి పటేల్ సంఘము సమాజోపయోగకరమైన ఉత్పాదక కృషి అను పేరుతోను ఆ తలపును మరల ఎత్తినవి. 2020 జాతీయ విద్యావిధానము, 6 నుండి 8 తరగతుల నడుమ పిల్లలు పది దినములు పుస్తకాల సంచి లేకుండ వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరులు, కళాకారులవంటి స్థానిక వృత్తినిపుణుల వద్ద గడపవలెనని చెప్పినది.

పేర్లు మారినను చిక్కు ఒక్కచోటనే ఉన్నది. నేర్పవలసినవాడు ఎవడు? పది దినములు మార్కుల పట్టికలో నింపు గడియైనచో ఫలము లేదు. లక్సెట్టిపేటలోనో, దాని చుట్టుపట్ల పల్లెలలోనో ఒక ఉపాధ్యాయుడు ఈ పని మొదలిడగోరినచో ముందుగా తాను వడ్రంగి కొట్టమునకు పోవలెను. పిల్లలకు పాఠము చెప్పినందుకు అతనికి తగిన ప్రతిఫలము ముట్టజెప్పవలెను. దినపు పని చెడగొట్టి ధర్మమునకు రమ్మనరాదు. అతనిని తరగతిలో గురువుగా పరిచయము చేయవలెను. బాలురతో సమముగా బాలికల చేతికిని ఉలి నీయవలెను. ఒక తరగతికి పది ఉలులు లేకున్నను రెండు ఉలులు, ఒక మంచి సానరాయి చాలును. ఒకరు చెక్కుచుండగా నలుగురు చూచుటయు నేర్చుకొనుటయే.

పనిలో తప్పులు దొరలును. కోత వంకర పోవును, పీట కుంటును. కాగితముమీది తప్పును రబ్బరుతో చెరిపివేయవచ్చును. కొయ్యమీది తప్పు కన్నుల ఎదుట నిలిచియుండును. అది ఎచ్చట, ఏల జరిగినదో వెదకి, రెండవ తునక తీసికొనుటయే ఈ విద్యలో ముందడుగు. కుంటి పీటను పారవేయక, పొడవైన కాలిబద్దను కొలిచి రెండు నూలుల మందము చిత్రిక పట్టినచో అది నేలమీద నిలుచును.

పది దినములలో ఎవడును వడ్రంగి కాడు. కాని పిల్లవాడు ఇంటికి పోయి దర్వాజ మీద చేయి వేసి, ఇది తెల్లకొయ్య, ఇది చేవ అని చెప్పగలుగును. వానకాలమున బిగిసిన తలుపును కాలితో తన్నక, అది ఏల బిగిసినదో తమ్మునికి వివరింపగలుగును. తన ఇంటి గడప నిలిపినవాని పేరు అడిగి తెలిసికొనును. తరువాతి సంవత్సరము ఆ వడ్రంగి బడికి వచ్చినప్పుడు ఆ పిల్లవాడు లేచి నిలబడి నమస్కరించును.